కావ్యశాస్త్రము ఎవరి కొఱకు?



కావ్యశాస్త్రము అనగానే మనలో పెక్కుమందికి రెండు చిత్రములు స్ఫురించును. ఒకటి, పరీక్షకు ముందునాటి రాత్రి ఉపమాలంకార లక్షణమును వల్లెవేయుచున్న విద్యార్థి. రెండవది, కవి వ్రాసిన పద్యమును చేతబట్టి దానిలో దోషములు వెదకుచున్న పండితుడు. ఈ రెండును అబద్ధములని నేను చెప్పను. కాని శాస్త్రమనగా ఇంతియే అయినచో, దానిని గూర్చి ఈ సాయంకాలము మీ కాలమును వ్యయపఱచుట న్యాయము కాదు. వల్లెవేసినవాడు పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవును. దోషములు వెదకువానికి శాస్త్రము లేకున్నను పని జరుగును.

ఛందస్సు వేఱు, వ్యాకరణము వేఱు, కావ్యశాస్త్రము వేఱు. 1656 నాటి అప్పకవీయమును తెఱచినచో యతి ఎక్కడ పడవలెనో, ప్రాస ఎట్లు కుదురవలెనో తెలియును. అది గొప్ప ఉపకారమే. అయినను, యతిప్రాసలన్నియు సరిపోయిన పద్యము విన్నవానికి ఆవులింత వచ్చుటయు, గణమే తెలియని ఒక నాటుకత్తె పాట విన్నవాని కన్ను చెమ్మగిల్లుటయు మనము ఎఱిగినదే. ఏల? ఈ ‘ఏల’ అను ప్రశ్నతో ఆరంభమగునది కావ్యశాస్త్రము. మా హైదరాబాదు ముషాయిరాలలో మంచి షేరు వినిన సభ ‘వాహ్వా’ యని ఒక్కసారిగా లేచును. ఆ వాహ్వా రసానుభవము. సభ ముగిసి ఇండ్లకు పోవుచు, ఇద్దఱు మిత్రులు ఆ షేరులో అంతగా పట్టుకొన్నది ఏమని తర్కించుకొనిరేని, వారు ఆ క్షణమున కావ్యశాస్త్రము చేయుచున్నారు.

గ్రీసు దేశమున అరిస్టాటిలు ఇరువదిమూడు శతాబ్దముల క్రిందట విషాదాంత నాటకమును ముందిడుకొని, చూచువానికి దీనివలన భయమును జాలియు ఎట్లు కలుగుచున్నవని అడిగెను. మన దేశమున భరతుడు నాట్యమును ముందిడుకొని దాదాపు ఇదే ప్రశ్న వేసి, సమాధానమును వంటయింటినుండి తెచ్చెను. పప్పులో ఉప్పు, పులుసు, కారము వేఱువేఱుగా ఉన్నవి. తినువానికి కలుగు రుచి వానిలో ఏ ఒక్కటియు కాదు. ఆ రుచికే రసమని పేరు. గ్రీకు భాషలో కవిత్వమును చెప్పు మాటకు మూలార్థము ‘చేయుట’. అది వండువాని వైపునుండి పుట్టిన పేరు. రసమను మాట భుజించువాని వైపునుండి పుట్టినది. పదియవ శతాబ్ది ఆరంభమున రాజశేఖరుడు దీనినే మఱింత తేటపఱచి, ప్రతిభ రెండు విధములనినాడు: కావ్యమును కల్పించునది కారయిత్రి, కల్పించినదానిని మనస్సున పండించుకొనునది భావయిత్రి. పాఠకునకు కూడ ప్రతిభ కావలెనని, దానికొక పేరుపెట్టి గౌరవించిన మాట ఇది. కావ్యశాస్త్రము ప్రధానముగా ఈ రెండవ ప్రతిభకు చెందినదని నా నమ్మకము. కవిని పుట్టించుట దాని వలన కాదు. వినువానిని మేల్కొల్పుట దాని వలన అగును.

నేను ఉండునది బాలాపూరు. ఒకప్పుడు ఇబ్రహీంపట్నము ప్రాంతపు పల్లె. నేడు హైదరాబాదు దానిని ముప్పాతిక మ్రింగివేసినది. మా యింటికి వచ్చు ఒక యువకుడు పాటలు కట్టును. మంచి గొంతు కలవాడు. ఒకనాడు నా బల్లమీది పుస్తకములను చూచి, ‘‘ఈ అలంకారశాస్త్రం సదివితే నా పాట బాగైతదా సార్?’’ అని అడిగెను. కాదని చెప్పితిని. ‘‘మరెందుకు సార్ ఇన్ని పుస్తకాలు?’’ అనెను. అతనికి నేను గ్రంథమును తెఱచి చూపలేదు. ఆ వారము జరుగుచుండిన బతుకమ్మను చూపితిని.

బతుకమ్మను పేర్చు స్త్రీలను మీరు గమనించియే యుందురు. తాంబాళములో ఆకులు పఱచి, గునుగు, తంగేడు, కట్ల, బంతి వరుసలు వరుసలుగా పేర్చుదురు. మా వాడకట్టులో పేర్పునకు పేరుపడిన ఒక ముసలమ్మ ఉన్నది. కోడలు ఒక పూవు పెట్టబోగా, ‘‘ఈడ గునుగొద్దు బిడ్డా, తంగేడు పెట్టు’’ అన్నది. ఏలనగా కారణము చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయెను, ఏలనగా తంగేడు పెట్టినంతనే అందఱకు కనబడెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని కాలమున విద్యానాథుడు కావ్యములో ‘శయ్య’ అను గుణమును చెప్పుచు, అది పదములకు పరస్పరము గల మైత్రి అనినాడు. ఒక పదమును తీసి అదే అర్థము గల మఱొక పదమును ఉంచినచో ఆ మైత్రి చెడును. కాశ్మీరమున పదునొకండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యమని చెప్పినదియు దీనికి దగ్గఱి చుట్టమే. ముసలమ్మకు శయ్య తెలియును; శయ్య యను పేరు తెలియదు. పేరు తెలిసినందువలన ఆమె బతుకమ్మ ఇంతకంటె అందముగా రాదు. కాని ఆమె తరువాత, ఆమెను చూడనివారికి, ఆమె ఏమి చేసినదో చెప్పవలసినపుడు పేరు అక్కఱకు వచ్చును. యువకుడు కొంతసేపు ఊరకుండి, తన పాటలో ఒక మాటను పట్టుకొని, అది అక్కడ గునుగా, తంగేడా అని నన్ను అడిగెను. శాస్త్రమునకు అంతకంటె మంచి విద్యార్థి దొరకడు.

ఇక ధ్వని. కావ్యశాస్త్రములో ఇంతకంటె లోతైన విషయము లేదని నేననుకొందును; కఠినమను పేరు దీనికి వచ్చుట మాత్రము పండితులు చేసిన అన్యాయము. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు చెప్పిన సంగతి ప్రతి ఇంటను నిత్యము జరుగుచున్నదే. ‘చెఱువు అలుగు పాఱుచున్నది’ అను వాక్యమును తీసికొనుడు. దాని వాచ్యార్థము ఒక్కటే: నీరు కట్ట నిండి అలుగుమీదుగా పోవుచున్నది. ఈ మాటను రైతు రైతుతో చెప్పినచో, ఈ యేడు రెండు పంటలకు దిగులు లేదని అర్థము. వాగు ఆవలి ఊరికి బిడ్డనిచ్చిన తల్లితో చెప్పినచో, బిడ్డ పండుగకు రాలేదని అర్థము. చెఱువు శిఖములో ఇండ్లు కట్టుకొన్నవారితో అర్ధరాత్రమున చెప్పినచో, లేచి పిల్లలను ఎత్తుకొనుడని అర్థము. వాక్యములో ఒక్క అక్షరము మాఱలేదు. మాఱినది చెప్పువాడు, వినువాడు, సందర్భము. నిఘంటువులో లేని ఈ మూడు అర్థములును వాక్యములోనివి కావందుమా? కాదనలేము, వినినవారు వానినే విని, వానినే అనుసరించి నడచుకొందురు. ఇట్టి అర్థము ఏ కావ్యమున ప్రధానమై నిలుచునో అది ఉత్తమ కావ్యమని ఆనందవర్ధనుని సిద్ధాంతము.

మా ఊరి పేరు విన్నంతనే మీలో చాలమందికి గణేశుని లడ్డు జ్ఞాపకము వచ్చియుండును. వచ్చినది గనుక దానిని గూర్చియు ఒక మాట. ఇరువదియొక్క కిలోల ఈ లడ్డును నిమజ్జనము నాడు ఊరి బొడ్రాయి యొద్ద వేలము వేయుదురు. 1994లో మొదటి వేలమున దాని వెల 450 రూపాయలు. 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలు. శనగపిండి, చక్కెర, నేయి ధరలు ఎంత పెరిగినను ఈ లెక్కను వివరింపజాలవు. ఆ లడ్డు వాచ్యార్థము మిఠాయి. దాని వ్యంగ్యార్థము పంట, గౌరవము, ఊరిలో నిలిచిన పేరు, దేవుని దయ. పొందినవారు దానిని బంధువులకు పంచి, కొంత పొలమున చల్లుదురు. ఇంగితము లేని హేతువాది దీనిని చూచి నవ్వును. వాచ్యార్థమునొక్కదానినే చదువ నేర్చినవాడు కావ్యమును చూచియు అట్లే నవ్వును. కాని ఈ ఉపమానము ఒక మేరవఱకే నడచును, దానిని మీఱి నడపుట ప్రమాదము. వేలములో ఎక్కువ పాడినవానిదే లడ్డు. కావ్యము విషయమున ఎక్కువ పాడినవాడు చెప్పినదే తీర్పు అగునా? దేని పుస్తకములు ఎక్కువ అమ్ముడుపోయినవో, దేని పాట ఎక్కువ పెండ్లి పందిళ్ళలో మ్రోగినదో, ఏ కవిని ప్రభువు ఏనుగుపై నెక్కించెనో అదియే మేలైనదని ఒప్పుకొందుమా? ఒప్పుకొననిచో, కాదనుటకు మనయొద్ద ఒక భాష ఉండవలెను. ‘నాకు నచ్చలేదు’ అనుట చాలదు. అవతలివాడు ‘నాకు నచ్చినది’ అనును, అక్కడితో మాట ముగియును, వేలము మొదలగును.

ఈ ఇక్కట్టు క్రొత్తది కాదు. మా ప్రాంతపు చరిత్రలోనే దీనికి చక్కని సాక్ష్యమున్నది. ఇబ్రహీంపట్నమునకు తూర్పుగా పోయినచో రాచకొండ గుట్టలు. 2016లో పోలీసు కమిషనరేటునకు ఆ పేరు పెట్టిన పిదప రాచకొండ అనగా మా వారికి జీపుల మీది వ్రాత కండ్ల ముందు నిలిచినది. కాని పదునాలుగవ శతాబ్దిలో ఆ గుట్టలమీద రేచెర్ల వెలమ ప్రభువులు రాజ్యమేలిరి. అక్కడ ఒక రాజు, సర్వజ్ఞ సింగభూపాలుడు, కత్తి ప్రక్కనబెట్టి రసార్ణవసుధాకరమను అలంకార గ్రంథమును సంస్కృతమున వ్రాసెను. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు వ్యాఖ్యయు, కువలయావళి యను నాటికయు ఆతనివే. అదే రాజు ఆస్థానమున విశ్వేశ్వరుడను పండితుడు చమత్కారచంద్రిక అను మఱొక అలంకార గ్రంథమును రచించెను. ఒకే కొండమీద, ఒకే కాలమున, రెండు శాస్త్రగ్రంథములు. ఈ రెండింటిని పోల్చి చూచుట నాకు ఎల్లపుడును ఆసక్తికరము.

విశ్వేశ్వరుడు తెలివిగలవాడు. సహృదయుని మనస్సు ఒక్కసారి విస్మయముతో విచ్చుకొనుటను చమత్కారమని, దానికి గుణము, రీతి, రసము, వృత్తి, పాకము, శయ్య, అలంకారము అను ఏడు కారణములను చెప్పెను. అంతవఱకు బాగున్నది. కాని ఉదాహరణములకు వచ్చుసరికి పుట పుటకు సింగభూపాలుని కీర్తియే, ఆతని బాహుబలమే, ఆతని దానమే. అలంకారము మాఱును, పొగడ్త మాఱదు. ఈ పద్ధతికి గురుపీఠము ఓరుగల్లు. 1289 మొదలు 1323 వఱకు ఏలిన ప్రతాపరుద్రుని పేర విద్యానాథుడు వ్రాసిన ప్రతాపరుద్ర యశోభూషణము దక్షిణదేశమున తరతరములు పాఠ్యగ్రంథమై వెలసినది. అందు మొదటి ప్రకరణము రసము గాదు, గుణము గాదు, నాయకుడు. నాయకుని గొప్పతనము వలననే ప్రబంధమునకు గొప్పతనమని వాదము. నాటక లక్షణములను చెప్పవలసిన చోట ఏకముగా ప్రతాపరుద్ర కల్యాణమను అయిదంకముల నాటకమునే వ్రాసి చేర్చినాడు. విద్యానాథుని స్పష్టతకు నేను చేతులు జోడింతును. శయ్యను గూర్చిన మాట ఆతనిదే. ద్రాక్షవలె లోపల వెలుపల రసము తొణికిసలాడు పాకమును, టెంకాయవలె పగులగొట్టిన గాని రసమందని పాకమును ఆతడు వేఱుచేసి చూపిన తీరు బడిపిల్లలకు కూడ బోధపడును. అయినను ఒక ప్రశ్న మిగులును. కావ్యమును తూచవలసిన త్రాసునే రాజు కీర్తికి భూషణముగా చేసి తొడిగినపుడు, ఆ రాజును పొగడిన చెడ్డ పద్యమును ఏ త్రాసుతో తూచవలెను?

ఇక సింగభూపాలుని చూడుడు. ఆతడు స్వయముగా రాజు. తలచిన ప్రతి శ్లోకమున తన్ను తాను పొగడుకొనుటకు అడ్డు చెప్పువారు లేరు. కాని ఆతడు ఉదాహరణములకై కాళిదాసు, భవభూతి, మురారి, రాజశేఖరుడు మున్నగువారి కావ్యములను గాలించెను. నడుమ నడుమ తన శ్లోకములను కూర్చెను. ఆ గ్రంథమున మూడు విలాసములు: రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము. రంజింపజేయువాడు, రుచి చూచువాడు, భావించువాడు, ఈ మువ్వురి పేర్లతో శాస్త్రమును విభజించుటలోనే ఒక ప్రయాణమున్నదని నాకు తోచును. రాజు ఇంతటి ఒదిగియుండుటకు కారణమును వినయమని అనుకొనువారు అనుకొనవచ్చును. నేను మాత్రము ఇట్లనుకొందును: ఆతనికి కావ్యము మీద నిజమైన ఆకలి యుండెను. ఆకలిగొన్నవాడు అద్దములో చూచుకొనడు, విస్తరి చూచును.

ఈ శాస్త్రగ్రంథములు రాజాస్థానములలో నిలిచిపోకుండ పల్లె అరుగుల మీదికి దిగివచ్చుటకు కారకులు వ్యాఖ్యాతలు. మెదకు జిల్లా కొల్చారము మల్లినాథసూరి స్వగ్రామము. భారతదేశమున కాళిదాసును సంస్కృతమున చదివినవాడెవ్వడైనను ఈ తెలంగాణ పండితుని చేయిపట్టుకొని నడచినవాడే. రఘువంశ, కుమారసంభవ, మేఘదూతములకు సంజీవని; భారవికి ఘంటాపథము; మాఘునకు సర్వంకష. ఘంటాపథమనగా ఏనుగులు గంటలు మ్రోగించుకొనుచు నడచు రాజమార్గము. భారవి కావ్యము ముండ్లకంప వంటిదని ఎఱిగినవారికి ఆ పేరులోని హాస్యము తెలియును. విద్యాధరుని ఏకావళి అను అలంకార గ్రంథమునకు ఆతడే తరళమను వ్యాఖ్యను వ్రాయగా, ఆతని కుమారుడు కుమారస్వామి సోమపీథి ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్యను వ్రాసెను. ఆధారము లేనిది వ్రాయను, అక్కఱలేనిది చెప్పను అని మల్లినాథుడు చేసికొన్న నియమమును నేటి విమర్శకులు, ముఖ్యముగా పీఠికలు వ్రాయు మా వంటివారు, గోడకు వ్రాసి పెట్టుకొనదగును. మల్లినాథుడు శాస్త్రమును ఏ విధముగా వాడెనో గమనింపుడు. ఒక శ్లోకమును ముందు పదపదముగా విడదీయును, అన్వయించును, అర్థము చెప్పును. ఆ తరువాతనే, చివర ఒక్క వాక్యములో, ఇక్కడ ఫలానా అలంకారము అనును. మన పరీక్షాపత్రములు ఈ క్రమమును తలక్రిందు చేసినవి. అలంకారము పేరు ముందు; శ్లోకము అర్థమైనదా అను ప్రశ్న చివర, ఒక్కొక్కపుడు అదియు లేదు.

సాహిత్యమును విడిచి ఇతర కళలకు పోయినచో ఈ శాస్త్రమున్నదా అని కొందఱు అడుగుదురు. ఉన్నది, అక్కడ దాని పనితనము మఱింత స్పష్టముగా కనబడును. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గుడి స్తంభముల మీద, చూరు క్రింద నిలిచిన మదనికల మీద నాట్యము రాతిలో ఆగి నిలిచినది. గణపతిదేవుని గజసేనాధిపతి జాయపుడు నృత్తరత్నావళిని రచించినది 1253–54లో. నడుమ నలువది యేండ్లు. అనగా శిల్పి ఆ గ్రంథమును చదివి ఉలి పట్టలేదు. ఆడువారు ఆడిరి, శిల్పి చూచెను, సేనాని ఆ తరువాత వ్రాసెను. శాస్త్రము ముందు, కళ వెనుక అను భ్రాంతికి ఈ రెండు సంవత్సరములే సమాధానము. జాయపుడు ఎనిమిది అధ్యాయములలో నాలుగింటిని మార్గ నృత్తమునకిచ్చి, తక్కిన నాలుగింటిని దేశికిచ్చెను. పేరణి, రాసకము, కందుకము వంటి జనుల ఆటలకు రాజబంధువైన ఒక సేనాని సగము గ్రంథమును కేటాయించుట సామాన్య విషయము కాదు.

దీని ఫలము ఏడు శతాబ్దముల పిదప తెలిసినది. పేరణి ఆడువారు లేకపోయిరి, ఆట అంతరించినది. ఇరువదియవ శతాబ్దిలో నటరాజ రామకృష్ణ నృత్తరత్నావళిని ఒక చేతను, రామప్ప శిల్పములను మఱొక చేతను పట్టుకొని పేరణి శివతాండవమును మఱల రంగస్థలము ఎక్కించెను. ఆతడు నిలిపినది పూర్వపు పేరణియేనా, లేక ఆతని కల్పన ఎంత అను చర్చ ఉండవచ్చును, ఉండవలెను కూడ. రాతిలో భంగిమ కలదు గాని నడక లేదు. గ్రంథమున నడక కలదు గాని చెమట లేదు. అయినను శాస్త్రము వ్రాయబడి యుండనిచో చర్చించుటకైనను మిగులునది ఏమి?

గోలకొండకు వత్తము. కుతుబ్‌షాహీల కాలమున ఈ శాస్త్రము అడుగంటినదని తలచువారు కలరు. పదునేడవ శతాబ్దిలో, కడపటి సుల్తాను తానాషాకు గురువుగా ప్రసిద్ధుడైన షా రాజు కుటుంబమున, అక్బరుషా అను సూఫీ సాధువుండెను. బడే సాహెబు అని వ్యవహారము. ఆతని పేర శృంగారమంజరి యను నాయికా నాయక భేద గ్రంథము వెలసినది. అది మొదట తెలుగున పుట్టి, సంస్కృతమునకు మాఱి, చింతామణి కవి చేత వ్రజభాషకు కూడ పోయినది. సంస్కృత పాఠమును వి. రాఘవన్ పరిష్కరింపగా 1951లో హైదరాబాదు పురావస్తు శాఖవారు ప్రకటించిరి. ముసల్మాను సాధువు, తెలుగు భాష, సంస్కృత శాస్త్రము, వ్రజభాషా కవి. ఈ నాలుగును ఒక్క గ్రంథములో కలిసికొన్నవని వినుటకు నేడు ఆశ్చర్యముగా నుండును. నాకు అంతకంటె ఆశ్చర్యము, ఆ గ్రంథములోని వాదపటిమ. భానుదత్తుని రసమంజరి వంటి పూర్వుల గ్రంథములను ముందుంచుకొని, ఈ లక్షణము ఈ నాయికకు అతుకునా, ఈ విభాగము నిలుచునా అని పరీక్షించును. పూర్వులు చెప్పిరి గనుక ఒప్పు అనుట లేదు; పూర్వులు చెప్పిరి గనుక తప్పు అనుటయు లేదు.

అయితే ఆ నాయికా భేదమును గూర్చి ఒక మాట చెప్పక దాటుట న్యాయము కాదు. స్వీయ, పరకీయ, సామాన్య, ముగ్ధ, మధ్య, ప్రౌఢ, వాసకసజ్జిక, ఖండిత, ఈ పట్టికలలో స్త్రీని చూచుచున్నది పురుషుని కన్ను. ఎదురుచూచుట, అలుగుట, ఏడ్చుట తప్ప ఆమెకు వేఱు పని ఉన్నట్లు శాస్త్రము ఎఱుగదు. నాట్ల నాడు నడుము వంచినామె, బతుకమ్మలో పూవు మార్చుమన్న ముసలమ్మ ఏ భేదమునకును చెందరు. నేటి స్త్రీలు ఈ పట్టికలను ప్రశ్నించుచున్నారన్న మాట విని కొందఱు పండితులు నొచ్చుకొనుట నేను చూచితిని. నొచ్చుకొన నేల? లక్షణము లక్ష్యమునకు అతుకకున్నచో మార్చవలయుననుట శాస్త్రపు పద్ధతియే. బడే సాహెబు చేసినది అదియే. ఆతడు చాలినంత దూరము పోలేదు, అంతే.

1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను ప్రకటించిన కథ మీకు తెలిసినదే. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ఆయన 354గురు కవులను నిలబెట్టి చూపిరి. లేరన్నవారికి లెక్కయే సరియైన జవాబు. కాని లెక్క ముగిసిన చోట మఱొక పని ఆరంభమగును: ఈ 354గురిలో ఎవరిని మఱల మఱల చదువవలెను, ఏల? దానికి జనాభా లెక్కలవారు పనికిరారు. ఊరి అభిమానము పనికిరాదు. తెలంగాణ కవి గనుక గొప్పవాడనుట, కోస్తా కవి గనుక గొప్పవాడనుట, ఈ రెండును వేలము పాటలోని కేకలే. ఆంధ్రమున 1914లోనే కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారమున పింగళి సూరన కావ్యములను చేతబట్టి, పూర్వుల పొగడ్తలను ప్రక్కకు నెట్టి, పాత్రము పాత్రముగా, సన్నివేశము సన్నివేశముగా విచారించిరి. ఆయన తీర్పులలో కొన్ని నాకు సమ్మతములు కావు. సమ్మతములు కావని నేను కారణసహితముగా చెప్పగలుగుచున్నానన్నచో, ఆయన తన కారణములను దాచక చెప్పుటచేతనే.

మా పాటల యువకునకు ఇప్పుడు క్రొత్త పని ఒకటి అప్పగించితిని. మా చుట్టుప్రక్కల పల్లెలలో మల్లన్న పట్నములు వేయు నాడు ఇంకను ఒగ్గుకథ జరుగుచున్నది. ప్రధాన కథకుడు ఒక్కొక్కచోట పాటను ఆపి వచనములోనికి దిగును. డోలు ఒక్కసారి మానును. వంతవాడు అడ్డుతగిలి ఒక మాట అనును, జనము నవ్వును, ఆ నవ్వు ఆగీ ఆగకముందే కథకుడు దుఃఖమున ప్రవేశించును. భరతుడు చూచినచో దీనిని గూర్చి ఒక అధ్యాయము వ్రాసియుండును. కథ చెప్పుమని వారిని పిలుచువారు కలరు, ఫొటో తీయువారు కలరు, పరిశోధన కొఱకు కథను రికార్డు చేసికొని పోవువారు కలరు. ‘ఈ చోట డోలు ఏల ఆపితివి తాతా?’ అని అడుగువానిని మాత్రము నేను ఇంతవఱకు చూడలేదు. వారికి ఆ పనికి తమ మాట ఒకటి తప్పక ఉండియుండును. శయ్య వంటిది, పాకము వంటిది. కార్తికము దాటి పట్నములు మొదలు కాగానే పోయి, వారి ప్రక్కన కూర్చుండి, ఆ మాటలను ఒక్కొక్కటిగా అడిగి వ్రాసికొని రమ్మని యువకునకు చెప్పితిని. ఒక నూఱు పుటల నోటుబుక్కు కొని యిచ్చితిని.